పడవ డాష్‌బోర్డుకు పదార్థాల ఎంపిక: ఎండ, ఉప్పు, దిక్సూచి

డాష్‌బోర్డు అనే మాట మోటారు వాహనాలకంటె పాతది. గుర్రపు గిట్టలు ఎగజిమ్మే బురద బండి తోలేవాని మీద పడకుండా, ముందువైపు అడ్డుగా నిలిపిన పలకకు మొదట ఆ పేరు వచ్చింది. గుర్రపు బండ్లు పోయి కార్లు వచ్చాయి. పలక మాత్రం నిలిచి, వేగసూచికకు, ఇంధనసూచికకు ఆధారమైనది. పడవలో ఆ పలక నేటికీ తన పాత పనిని, కొత్త పనిని కూడ చేస్తూనే ఉన్నది. ఒకవంక ఎగసిపడే ఉప్పునీటికి అడ్డు నిలవాలి. మరొకవంక దిక్సూచి, లోతుసూచిక, ఇంధనసూచిక, రేడియో, పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు మీట మొదలైనవాటిని భద్రంగా మోయాలి.

ఆక్లండ్ నగరంలోని శాండ్రింగ్‌హామ్ ఒడ్డున ఉన్న పేట కాదు. అయినా సముద్రానికి దూరమూ కాదు. రెండు సహజమైన రేవుల మధ్య సన్నని భూసంధిపై వెలసిన నగరం ఆక్లండ్. ఉత్తరాన వైతెమాతా, దక్షిణాన మానుకావు. కందిపప్పు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ దొరికే భారతీయ దుకాణాలున్న శాండ్రింగ్‌హామ్ రోడ్డు నుండి ఉత్తరానికి పోయినా, దక్షిణానికి పోయినా కొద్దిసేపటిలోనే నీరు కనబడుతుంది. ‘తెరచాపల నగరం’ అని పేరుపడిన ఇటువంటి ఊరిలో స్థిరపడిన కుటుంబానికి, ఐదారు మీటర్ల చిన్న పడవను ట్రైలరుపై ఇంటి ముంగిట నిలుపుకోవాలన్న కోరిక కలగడం సహజమే. అటువంటి పడవ తరచుగా పాతదై ఉంటుంది. ఇంజను పనిచేస్తుంది, అడుగు గట్టిగా ఉంటుంది, కాని డాష్‌బోర్డు మాత్రం పగుళ్ళు వారి, రంగు వెలిసి, మీటలు బిగిసిపోయి ఉంటుంది. కొత్తది సొంతంగా తయారు చేసుకోవాలనుకున్నప్పుడు మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న: దానిని దేనితో చేయాలి?

ఈ ప్రశ్నను ‘ఏ పదార్థం మంచిది?’ అని అడిగితే సరైన జవాబు దొరకదు. డాష్‌బోర్డు ఒకే వస్తువు కాదు. అది పది పదార్థాల కాపురం. పలక ఒకటి, మరలు మరొకటి, తీగలు ఇంకొకటి, సూచికల చట్రాలు వేరొకటి. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే కావచ్చు. ఒకదాని పక్కన ఒకటి చేరి, ఎండలో, ఉప్పులో ఏళ్ళ తరబడి ఉండవలసి వచ్చినప్పుడే వాటి గుణదోషాలు బయటపడతాయి. కావున ‘ఏ పదార్థం, దేని పక్కన, ఏ ఎండలో?’ అని అడగడమే సరైన పద్ధతి.

ఎండ చేసే పని

న్యూజిలాండ్ ఎండ చల్లగా తోచినా కఠినమైనది. వేసవి మధ్యాహ్నం అక్కడ నేలకు చేరే అతినీలలోహిత కిరణాల తీవ్రత, ఉత్తరార్ధగోళంలో అంతే అక్షాంశంలో ఉన్న ప్రాంతాలకంటె సుమారు 40 శాతం ఎక్కువ. దక్షిణాన ఓజోను పొర కొంత పలుచగా ఉండడం, గాలిలో పొగ, ధూళి తక్కువగా ఉండడం ఇందుకు ముఖ్య కారణాలు. మూడవ కారణం ఖగోళ సంబంధమైనది. భూమి సూర్యునికి అత్యంత సమీపంలోకి వచ్చేది జనవరి మొదటి వారంలో. జూలైలో ఉండే దూరంకంటె అప్పుడు దాదాపు 50 లక్షల కిలోమీటర్లు దగ్గరగా ఉంటుంది. తెలుగునాట సంక్రాంతి చలికాలపు పండుగ. ఆక్లండ్‌లో అదే రోజులు నడివేసవి.

ప్లాస్టిక్కులకు ఈ కిరణాలు చేసే హానిని చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణపు ఒక్కొక్క కాంతికణంలో సుమారు 4.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ప్లాస్టిక్కు గొలుసులలోని రెండు కర్బన పరమాణువుల మధ్య బంధాన్ని తెంచడానికి కావలసినది సుమారు 3.6 మాత్రమే. అనగా ఆ కాంతిని పీల్చుకొన్న గొలుసు తెగిపోగలదు. ‘పీల్చుకొన్న’ అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఆక్రిలిక్ ఈ కిరణాలను చాలావరకు పీల్చుకోదు; అందువల్లనే అది ఏళ్ళ తరబడి ఎండలో ఉన్నా నిర్మలంగా ఉంటుంది. పాలీకార్బొనేట్ దెబ్బలకు తట్టుకోవడంలో ఆక్రిలిక్‌కంటె ఎంతో మేలైనది, కాని దాని అణువులలోని బెంజీను వలయాలు ఈ కిరణాలను పీల్చుకొంటాయి. పైన రక్షణ పూత లేకపోతే అది పసుపుబారి పెళుసవుతుంది. పాత పడవలలో పగిలిన డాష్‌బోర్డులు కొన్ని ఏబీఎస్ అనే ప్లాస్టిక్కువి. దానిలో రబ్బరు స్వభావం గల భాగం ముందుగా ఎండకు చెడిపోతుంది. అది చెడిన తరువాత మిగిలినది గట్టిదే, కాని పెళుసు.

చెక్కకు పూసే ఎపాక్సీ కూడ ఎండకు ఆగదు. నీటికి అది కోటగోడ వంటిది, కాని ఎండకు పసుపుబారి సుద్దపొడిలా రాలుతుంది. దానిపై రంగు గాని, అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నీషు గాని తప్పనిసరిగా వేయాలి.

ఉప్పు ఎన్నటికీ ఆరదు

తెలుగింటి వంటగదిలో వానాకాలం ఉప్పుజాడీ చెమ్మగిల్లడం అందరూ చూసినదే. ఉప్పు గాలిలోని తేమను లాగుకొంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే సోడియం క్లోరైడు తనంతట తానే కరిగి ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడ ఉంటుంది; అది 33 శాతం ఆర్ద్రతలోనే తేమను పట్టి కరుగుతుంది. సముద్రతీర వాతావరణంలో గాలి అంత పొడిగా ఉండే గంటలు అరుదు. కావున ఒకసారి ఉప్పునీరు చిందిన పలక చూపుకు ఆరినట్లున్నా, దానిపై కంటికి కనబడని పలుచని ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది. మంచినీటితో కడగడం అలంకారం కోసం కాదు, ఆ పొరను తొలగించడం కోసం.

ఆ పొర విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. రెండు వేరు వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఆ పొరలో తడిసి ఉంటే, అక్కడ చిన్న బ్యాటరీ ఏర్పడినట్లే. అందులో ‘బలహీన’ లోహం కరిగి, ‘ఉత్తమ’ లోహం నిలుస్తుంది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పునీటిలో కలిసినప్పుడు వాటి నడుమ విభవ భేదం అర వోల్టు దాటుతుంది. కరిగేది అల్యూమినియమే. మర చుట్టూ తెల్లని పొడి, రంగు కింద బుడగలు కనబడితే ఈ లోహక్షయం మొదలైనదని గ్రహించాలి.

ఇక్కడ వైశాల్యాల నిష్పత్తిని కూడ గమనించాలి. పెద్ద అల్యూమినియం పలకకు చిన్న స్టీలు మరను బిగిస్తే నష్టం మెల్లగా జరుగుతుంది, ఎందుకనగా కరిగే భాగం పెద్దది. పెద్ద స్టీలు పలకకు చిన్న అల్యూమినియం రివెట్టును కొడితే ఆ రివెట్టు త్వరలోనే మాయమవుతుంది. మరకూ పలకకూ నడుమ నైలాను వాషరు, నైలాను తొడుగు అమర్చి, ఉప్పునీరు చొరని లేపనం పూస్తే ఈ బ్యాటరీ వలయం తెగిపోతుంది. రాగి, ఇత్తడి అల్యూమినియానికి మరింత చెడ్డ పొరుగులు. చివరకు పెన్సిలు గీత కూడ నిరపాయం కాదు. అందులోని గ్రాఫైటు ఉత్తమ లోహంలా ప్రవర్తించి, గీసినచోటనే అల్యూమినియాన్ని తినివేయగలదు. బెజ్జాల గుర్తులు ఇంకు కలముతో పెట్టుకోవడం మేలు.

కార్బన్ ఫైబరు విషయంలోనూ ఇదే చిక్కు. 1995లో అమెరికా కప్పును న్యూజిలాండ్‌కు తెచ్చిన పందెపు పడవ ఈ పదార్థంతోనే తయారైనది. తేలిక, దృఢత్వం, అందం అన్నీ దానికున్నాయి. కాని కార్బన్ విద్యుద్వాహకం. పైగా గ్రాఫైటు వలె అల్యూమినియానికి శత్రువు. అది రేడియో తరంగాలను కూడ అడ్డుకొంటుంది గనుక, స్థాన నిర్ణయం చేసే జీపీఎస్ పరికరపు యాంటెన్నాను దాని కింద దాచరాదు.

ఒక మీటరు పలక ఎంత పెరుగుతుంది?

నల్లని పలక నిండు ఎండలో 60 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. 20 డిగ్రీల వద్ద కోసి అమర్చిన ఒక మీటరు పొడవు పలక 60 డిగ్రీలకు చేరినప్పుడు ఎంత సాగుతుందో చూస్తే, స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 0.6 మిల్లీమీటర్లు, అల్యూమినియం 0.9, ఆక్రిలిక్ 2.8, అధిక సాంద్రత గల పాలిథీన్ దాదాపు 5 లేదా అంతకుమించి. ప్లైవుడ్ వేడికి సాగేది అర మిల్లీమీటరు లోపే.

ఆక్రిలిక్ పలకను నాలుగు మూలలా గట్టిగా బిగిస్తే ఆ 2.8 మిల్లీమీటర్లకు చోటుండదు. పలక ఉబ్బుతుంది, రాత్రి చల్లబడినప్పుడు బెజ్జాల వద్ద లాగబడుతుంది, కొన్ని వారాలలో అక్కడనుండి పగులు బయలుదేరుతుంది. నివారణ సులభం. మరకంటె బెజ్జం రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, మరను అతిగా బిగించరాదు, మీటల కోసం కోసే చతురస్రపు కంతలకు మూలలు గుండ్రంగా ఉండాలి. పదునైన మూల వద్ద ఒత్తిడి పోగుపడుతుంది. పగులు పుట్టేది అక్కడే. ఆల్కహాలు కలిసిన అద్దాల శుభ్రకాలతో ఆక్రిలిక్‌ను తుడిస్తే, లోపల ఒత్తిడి ఉన్నచోట సన్నని పగుళ్ళ వల ఏర్పడుతుంది. సబ్బునీరు చాలు.

పాలిథీన్‌కు ఇటువంటి పెళుసుతనం లేదు, నీరు పీల్చదు, కుళ్ళదు. కాని దానికి జిగురు అంటదు, రంగు అంటదు. మరలతో బిగించుకోవలసిందే, అది సాగడానికి చోటు విడువవలసిందే.

మందం, బరువు: ఘనపు లెక్క

పలక వంగకుండా ఉండడం పదార్థపు దృఢత్వంపైన, దాని మందంపైన ఆధారపడుతుంది. మందం రెండింతలైతే వంగకుండా ఉండే శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. అది మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఈ సూత్రం వల్ల చిత్రమైన ఫలితం కలుగుతుంది.

మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు గల పలకను తీసుకొందాం. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక బరువు సుమారు 3.2 కిలోలు. అంతే బిగువు కావాలంటే ఆక్రిలిక్ 8.6 మిల్లీమీటర్ల మందం ఉండాలి, బరువు 4.1 కిలోలు. పాలిథీన్ 12 మిల్లీమీటర్లు దాటాలి, బరువు 4.7 కిలోలు. ప్లైవుడ్ సుమారు 6 మిల్లీమీటర్లు చాలు, బరువు కిలోన్నర. పాతకాలపు సామగ్రి అని తేలికగా చూడబడే చెక్కయే ఈ పరీక్షలో మొదటి స్థానంలో నిలుస్తున్నది.

ఈ సంగతి లెక్క తెలియకపోయినా పడవలు కట్టినవారికి అనుభవం వల్ల తెలుసు. కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయల మధ్య ఉన్న తాళ్ళరేవు, కోరంగి ప్రాంతాలలో తరతరాలుగా నావలు కట్టినవారు టేకును ఆదరించినది ఊరకే కాదు. ఆ చెక్కలోని సహజమైన తైలాలు నీటిని, పురుగును దూరంగా ఉంచుతాయి. ఆక్లండ్‌లో 19వ శతాబ్దం చివర లోగన్ కుటుంబంవారు కౌరీ చెక్క పలకలను పొరలు పొరలుగా, ఒక పొర నారకు మరొక పొర నార అడ్డంగా వచ్చేటట్లు అమర్చి ప్రసిద్ధమైన తెరచాప పడవలు కట్టారు. చెక్క నార వెంబడి బలమైనది, అడ్డంగా బలహీనమైనది. పొరలను అడ్డదిడ్డంగా పేరిస్తే ఆ లోపం తీరుతుంది. ప్లైవుడ్ సూత్రం అదే. కౌరీ అడవులను విచ్చలవిడిగా నరికివేసిన తరువాత మిగిలిన చెట్లు నేడు రక్షణలో ఉన్నాయి. ఆ చెక్కలోని అందాన్ని చూసి ముచ్చటపడవచ్చు గాని, డాష్‌బోర్డుకు దానికోసం వెదకనవసరం లేదు.

మెరీన్ ప్లైవుడ్ కొనేటప్పుడు ఒక అపోహకు తావివ్వరాదు. బీఎస్ 1088 గాని, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి ప్రమాణమైన 2272 గాని హామీ ఇచ్చేది ముఖ్యంగా జిగురు నీటికి ఊడదని, లోపలి పొరలలో ఖాళీలు ఉండరాదని. చెక్క కుళ్ళదని కాదు. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్ళు పుట్టించే శిలీంద్రం పెరగలేదు, దాటితే పెరుగుతుంది. నీరు ముందుగా చొరబడేది కోసిన అంచులనుండి, బెజ్జాలనుండి. కావున ప్రతి బెజ్జాన్ని కావలసినదానికంటె పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత సరైన కొలతకు మరల తొలవాలి. అప్పుడు మరకూ చెక్కకూ నడుమ నీరు చొరని గోడ నిలుస్తుంది.

దిక్సూచిని మోసగించే పొరుగు

అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు కంటికి కనబడదు. తుప్పు కనబడుతుంది, పగులు కనబడుతుంది. దిక్సూచి తప్పు చూపుతున్నదన్న సంగతి మాత్రం తీరం కనబడని వేళ, అనగా దాని అవసరం కలిగినప్పుడే తెలుస్తుంది.

దిక్సూచి సూదిని తిప్పేది భూ అయస్కాంత క్షేత్రంలోని క్షితిజసమాంతర భాగం. విశాఖపట్నం వద్ద అది సుమారు 40 మైక్రోటెస్లాలు. ఆక్లండ్ వద్ద బలరేఖలు 60 డిగ్రీలకు పైగా ఏటవాలుగా ఉంటాయి గనుక, ఆ భాగం సుమారు 25 మాత్రమే. అనగా ఆక్లండ్‌లో దిక్సూచిని పట్టి ఉంచే చేయి బలహీనమైనది. దానిని పక్కకు లాగడం సులభం. భారతదేశంలో కొన్న దిక్సూచి అక్కడి వాలుకు తూచబడి ఉంటుంది గనుక, ఆక్లండ్‌లో దాని సూది సమంగా తిరగక అడుగుకు రాసుకొనవచ్చు. అక్కడ సూది చూపే ఉత్తరం నిజమైన ఉత్తరానికి దాదాపు 20 డిగ్రీలు తూర్పున ఉంటుందన్నది మరువరాని మరొక విషయం.

ఇప్పుడు డాష్‌బోర్డు వెనుకకు పోదాం. 10 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించే ఒంటి తీగ, 10 సెంటీమీటర్ల దూరంలో 20 మైక్రోటెస్లాల క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దిక్సూచికి తోడున్నది 25 మాత్రమే గదా! ఆ తీగ క్షేత్రం అడ్డంగా పడితే సూది 35 డిగ్రీలకు పైగా పక్కకు తిరగగలదు. మీటరు దూరంలో కూడ నాలుగైదు డిగ్రీల దోషం రావచ్చు. 5 డిగ్రీల దోషంతో 10 కిలోమీటర్లు పోతే గమ్యానికి దాదాపు 870 మీటర్లు పక్కకు చేరుతారు. దీవులు, రాళ్ళు విరివిగా ఉన్న హౌరాకీ అఖాతంలో, పొగమంచులో, అది చిన్న దూరం కాదు.

నివారణ మళ్ళీ పొరుగును సరిదిద్దడమే. పోయే తీగను, వచ్చే తీగను కలిపి పురి పెట్టినట్లు మెలితిప్పితే, ఒకదాని క్షేత్రాన్ని మరొకటి రద్దు చేస్తుంది. ఇనుప బ్రాకెట్లు, అయస్కాంతం గల స్పీకర్లు, సెల్‌ఫోను ఉంచే పట్టు దిక్సూచికి దూరంగా ఉండాలి. అల్యూమినియం, చెక్క, ఆక్రిలిక్, 316 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు సూదిని దాదాపు కదల్చవు. మామూలు ఇనుప మరలకు నికెలు పూత వేసినవి చూపుకు స్టీలు మరల వలె ఉంటాయి గనుక, కొనేటప్పుడు చిన్న అయస్కాంతాన్ని జేబులో ఉంచుకొంటే చాలు.

రంగు, మంట, ఎంపిక

తెల్లని డాష్‌బోర్డు చల్లగా ఉంటుంది, కాని ముందరి అద్దంలో ప్రతిబింబించి చూపును కప్పివేస్తుంది. నిగనిగలాడే నలుపు మెరుస్తుంది, కాలుతుంది. మెరుపు లేని ముదురు బూడిద రంగు మధ్యేమార్గం. అల్యూమినియం విద్యుద్వాహకం గనుక, ఊడిన తీగ దానికి తగిలితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు. 12 వోల్టుల బ్యాటరీ మనిషికి షాక్ కొట్టకపోయినా, అడ్డు లేకుంటే వందల ఆంపియర్లు వదలి తీగలను మండించగలదు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. మీటలను అల్యూమినియానికి నేరుగా కాక, చిన్న ప్లాస్టిక్ పలకకు బిగించడం మేలు. ఆక్రిలిక్ మండే స్వభావం గలది గనుక, వేడెక్కే వస్తువులకు దగ్గరగా దానిని ఉంచరాదు.

వీటన్నింటినీ కలిపి చూస్తే ఎంపిక తేలిక అవుతుంది. ఫైబర్‌గ్లాసు పడవకు, ఇంటి వద్దనే పనిచేసుకొనేవారికి, ఎపాక్సీ పట్టించి రంగు వేసిన 9 మిల్లీమీటర్ల మెరీన్ ప్లైవుడ్ తగినది. అల్యూమినియం పడవకు అదే జాతి లోహం, అనగా మెగ్నీషియం కలిసిన 5052 లేదా 5083 రకం, ఉత్తమమైన పొరుగు. ఎండా వానా నేరుగా తగిలే పైకప్పు లేని పడవకు, ఎండకు నిలిచే మందులు కలిపిన పాలిథీన్ శ్రమ తక్కువైనది. ఆక్రిలిక్‌ను మొత్తం పలకగా కాక, మీటల చిన్న ఫలకంగా వాడితే దాని సుగుణాలు దక్కి, సాగే దోషం తగ్గుతుంది.

పిల్లలు చేయదగిన మూడు పరీక్షలు

మొదటిది: దుకాణంలో అడిగి తెచ్చిన ప్లాస్టిక్ ముక్కలను సగం వరకు వెండి రంగు రేకుతో కప్పి, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఇంటి కంచెపై ఎండలో ఉంచి, తరువాత రేకు విప్పి రెండు సగాలను పోల్చి చూడాలి.

రెండవది: గ్లాసెడు నీటిలో రెండు చెంచాల ఉప్పు కరిగించి, అల్యూమినియం రేకును, స్టీలు చెంచాను ఒకదానికొకటి తగలకుండా ముంచి, వోల్టుమీటరు కలపాలి. డాష్‌బోర్డును తినివేసే ‘బ్యాటరీ’ ముల్లును కదిలిస్తుంది.

మూడవది పెద్దలు కూడ తప్పక చేయవలసినది. కొత్త డాష్‌బోర్డు అమర్చిన తరువాత, ట్రైలరుపైనే పడవను నిలిపి, దిక్సూచిని ఒకరు చూస్తూ ఉండగా మరొకరు పంపు, దీపాలు, రేడియో ఒక్కొక్కటిగా వేసి ఆపాలి. కింద ఉన్న ఇనుప ట్రైలరు వల్ల దిక్సూచి చూపే దిక్కు సరి కాకపోవచ్చు. గమనించవలసినది మీట వేసినప్పుడు సూది కదులుతున్నదా అన్నదే. ఏ మీటకు కదిలినా, ఆ మీట తీగలను మెలితిప్పి, దూరం జరిపి, మరల పరీక్షించాలి. అన్ని మీటలకు సూది నిశ్చలంగా నిలిచిన తరువాతనే ఆ పడవను నీటిలోకి దింపాలి.